చెరువు పాఠంలో నీరటికాడు ఎక్కడ?

మా అన్న బిడ్డ ఏడో తరగతి చదువుతోంది. ఒకనాడు బడి నుంచి వచ్చి పెద్ద అట్ట ముందు వేసుకుని కూర్చుంది. సారు ఇంటి పని ఇచ్చిండట. దాని పేరు ‘మా ఊరు - మా వంశం’. అట్ట మీద చెట్టు గీయాలె. కొమ్మల మీద తాతముత్తాతల పేర్లు రాయాలె. ఫోటోలుంటే అంటించాలె. కింద, మీ వంశం ఊరికి చేసిన సేవ ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పాలె.

“చిన్నాయినా, మన తాతకు తాత పేరేంది?” అని అడిగింది.

మా తాత పేరు నాకు తెలుసు. ఆయన తండ్రి పేరు మా నాయినకు తెలుసు, నేను ఎన్నడూ అడగలేదు. ఆ పైన ఎవరున్నరో ఇంట్లో ఎవరికీ తెల్వదు. “పోనీ, తాత ఊరికి ఏం సేవ చేసిండు?” అంది. మోటలకు తోలు తొండాలు కుట్టిండు, చెప్పులు కుట్టిండు, చావుకూ పెండ్లికీ డప్పు కొట్టిండు అని చెప్పిన. పిల్ల కాసేపు ఆలోచించి, “అది సేవ అయితదా చిన్నాయినా? అది పని కదా!” అంది. వాళ్ళ తరగతిలోనే ఇంకో పిల్లవాడు తన ముత్తాత గడి ఫోటో, గుర్రం మీద కూర్చున్న ఫోటో తెస్తున్నడట. చివరికి మా పిల్ల చెట్టుకు రెండు కొమ్మల మీద పేర్లు రాసి, మిగతా కొమ్మలన్నిటినీ ఆకులతో నింపింది. సారు అట్ట మీద ఎర్ర సిరాతో ‘ఇంకా వివరాలు సేకరించవలెను’ అని రాసి పంపిండు.

ఆ సారు చెడ్డవాడు కాదు. రాజుల పేర్లు, తేదీలు బట్టీ పట్టించడం ఇష్టం లేని మనిషి. పిల్లలు చరిత్రను తమ చేతులతో తడుముకోవాలనే ఆ పని ఇచ్చిండు. అందుకే ఈ వ్యాసం ఆ సారు మీద ఫిర్యాదు కాదు. నా పేచీ ఆ పద్ధతితో. ప్రాంతీయ చరిత్రను ఆసక్తికరంగా చెప్పడం అనే పేరుతో ఇవాళ బడుల్లో నడుస్తున్న పద్ధతులు ఏ పిల్లను దృష్టిలో పెట్టుకుని తయారయినయి? ఆ పిల్ల ఇంట్లో ఏమేం ఉంటయని అవి ముందే అనుకున్నయి?

ఆసక్తి ఎవరిది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం వచ్చింది. దాని వెంట 2012-14 మధ్య సాంఘికశాస్త్రం పుస్తకాలు కొత్తగా రాశారు. పాత పుస్తకాలతో పోలిస్తే అవి మేలు. పిల్లను ప్రశ్న అడగనిచ్చినయి. రైతులు, కూలీలు, కళాకారులు పేజీల్లోకి వచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయినంక తెలంగాణ పుస్తకాల్లో ఈ నేల చరిత్రకు చోటు పెరిగింది. ఇదంతా కాదనేది లేదు. ఆంధ్ర రాజుల నీడలో తెలంగాణ పిల్ల తన ఊరి పేరు కూడా పుస్తకంలో చూడని రోజులు మాకు గుర్తున్నయి.

కాని రాష్ట్రం మారినంత మాత్రాన ఊరు మారలేదు. ‘ప్రాంతం’ అన్న మాటకు దళితుని అనుభవంలో మొదటి అర్థం తెలంగాణ, రాయలసీమ, కోస్తా కాదు. ఊరు, వాడ. ప్రాంతీయ చరిత్ర అంటే ఊరి చరిత్ర అనుకుని, ఆ ఊరి చరిత్రను ఊరి నడిమి నుంచే చెప్పుకుంటూ పోతే వాడ మళ్ళీ బయటే ఉంటది. కేంద్రం ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి గడి దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

నాలుగు పద్ధతులు చూద్దాం. వంశవృక్షం ఒకటి. అది భూమి కాగితాలున్న ఇంటికి పనికొచ్చే చెట్టు. పట్టాలు, పహాణీలు, వీలునామాలు ఉన్నచోట పేర్లు నిలబడతయి. కూలికి పోయిన మనిషి పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. ఏ కులమైనా సరే, ఆడవాళ్ళ పేర్లు ఆ చెట్టు మీద మూడో తరానికే రాలిపోతయి. రెండోది, ఊరి పెద్దల్ని కలిసి అడగడం. పిల్లలు ఎవరింటికి పోతరు? పటేలు ఇంటికో, కరణం ఇంటికో, గుడి అయ్యగారి ఇంటికో. ‘పెద్ద’ అన్న మాటలోనే కులం కూర్చుని ఉంది.

మూడోది, వేషాలు కట్టించడం. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో కాకతీయుల దర్బారు వేశారు. నేను భటుణ్ణి. చేతికో కర్ర ఇచ్చి ద్వారం కాడ నిలబెట్టారు, మాట లేదు. ఆ నలభై నిమిషాలూ నేను చరిత్ర నేర్చుకున్న మాట నిజమే. ఎవరు కూర్చుంటరో, ఎవరు నిలబడతరో నేర్చుకున్న. నాలుగోది, పాత వస్తువుల ప్రదర్శన. ఇత్తడి గంగాళాలు, భరిణెలు, తాళపత్రాలు బల్లల మీదికి వస్తయి. ఆరె, గూటం, లంద ఎందుకు రావు? పచ్చి తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క కషాయంలో ఊరబెట్టి, కుళ్ళకుండా ఏండ్ల తరబడి నిలిచే తోలును తయారుచేసిన తెలివి ఈ నేల మీది విజ్ఞానశాస్త్ర చరిత్ర కాదా? కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసి ఈ పనుల గురించే చెప్పిండు. మన బడి బల్ల మీదికి మాత్రం ఆ లంద ఇంకా రాలేదు.

ఈ నాలుగు పద్ధతులూ పిల్లకు ఆసక్తి కలిగిస్తయి, నిజమే. గడి ఫోటో ఉన్న పిల్లవాడికి ఎంతో ఆసక్తి. ఫోటో లేని పిల్లకు అదే పూట సిగ్గు. ఒక పిల్ల ఆసక్తి ఇంకో పిల్ల సిగ్గు మీద నిలబడితే దాన్ని మంచి బోధన అనలేం.

కట్ట మీద నిలబడి అడగాల్సినవి

ఓరుగల్లు చుట్టుపక్కల బడులకు రామప్ప యాత్ర ఉండనే ఉంటది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి, 1213 నాటి శాసనం. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పిల్లలకు నీటి మీద తేలే ఇటుకలు చూపిస్తరు, మదనికల్ని చూపిస్తరు, ఫోటోలు దిగి బస్సెక్కిస్తరు. గుడికి దగ్గర్లోనే చెరువు ఉంది. వేళ మిగిలితే ఆ కట్ట మీద అన్నాలు తింటరు.

నేనైతే పాఠం ఆ అన్నాలు తినే చోట మొదలుపెట్టమంటాను. చెరువు కట్టించినవాడు రేచర్ల రుద్రుడు అని పుస్తకం చెప్తది. మరి తూము ఎత్తిందెవరు? రాత్రి వాన పడితే గండి పడకుండా కట్ట మీద లాంతరు పట్టుకుని తిరిగిందెవరు? ఆయకట్టులో ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళు పారాలో లెక్క తప్పకుండా పారించిందెవరు? తెలంగాణ ఊళ్ళల్లో ఆ మనిషిని నీరటికాడు, నీరడి అన్నరు. చాలా ఊళ్ళల్లో ఆ పని మాల కుటుంబాలది. పంట మీద ఇంత మేర, ఎక్కడో చిన్న ఇనాం చెక్క. అంతే అతని జీతం. నీళ్ళ లెక్క మొత్తం అతని నెత్తిలో ఉండేది. అయినా ఊరబావిలో అతను చేద వేయరాదు. వెయ్యెకరాలకు నీళ్ళు పంచిన చెయ్యి కడివెడు నీళ్ళు తోడుకోలేని చెయ్యి అయింది. ఏడో తరగతి పిల్లకు ఇంతకన్నా ఆసక్తి కలిగించే చిక్కుముడి ఏ రాజు కథలో ఉంది?

ఇక్కడ పిల్లలకు శాసనం చదవడం నేర్పొచ్చు. అక్షరాలు కాదు, అందులోని మనుషుల్ని. శాసనంలో కట్టించినవాడు ఉంటడు, దానమిచ్చినవాడు ఉంటడు, దానం పట్టినవాడు ఉంటడు. ఎవరు లేరో ఒక జాబితా రాయండి అని అడగాలె. మన్ను తవ్వినవాళ్ళు, తట్ట మోసినవాళ్ళు, రాయి చెక్కినవాళ్ళు, ఎడ్లకు తోలుపట్టాలు కుట్టినవాళ్ళు. ఇంకో మాట. కట్టించినవాడు రుద్రుడైనా జనం నోట్లో నిలిచిన పేరు రామప్ప. అది శిల్పి పేరని జనం చెప్తరు. రాతి మీద ఒక పేరు, నోటి మీద ఇంకో పేరు ఎందుకున్నయని పిల్లలు వాదించుకోనీ. ఆ వాదనే చరిత్ర పాఠం.

శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో కూలీల్ని అడిగిండు కదా, ఇంకేం కావాలె అని కొందరు వామపక్ష మిత్రులు అంటరు. అడిగిండు, సంతోషం. కాని కూలికి కులం ఉందన్న సంగతి ఆ ప్రశ్నలో లేదు. రాళ్ళెత్తిన మనిషి ఆ గుడి కట్టినంక అందులోకి పోగలిగిండా అన్నది రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్న అడిగితేనే మన పిల్ల పాఠంలోకి వస్తది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఆ పథకం పేరులో రాజవంశం ఉంది. నీరటి పేరు ఎక్కడా లేదు. పేరు పెట్టడం కూడా చరిత్ర రాయడమేనని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

పటం విప్పితే

దళితులకు రాసిపెట్టిన చరిత్ర లేదన్న మాట పండితులు చెప్పి చెప్పి మనమే నమ్మినం. లేదని ఎవరన్నరు? డక్కలివాళ్ళు బట్ట మీద బొమ్మలు గీయించిన పటం విప్పి జాంబపురాణం చెప్తరు. చిందువాళ్ళు అదే కథను యక్షగానంగా ఆడతరు. భూమి కన్నా ముందు పుట్టిన జాంబవంతుడు బ్రాహ్మణునితో ఎదురుగా నిలబడి వాదం పెట్టుకుంటడు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి పుట్టుక ఎక్కువ అని. పన్నెండేళ్ళ పిల్లలకు బొమ్మలతో కథ చెప్పడం ఎట్లా అని శిక్షణ శిబిరాల్లో తల పట్టుకుంటున్నం. ఊరి పొలిమేరలో ఆ పని ఎప్పటినుంచో నడుస్తనే ఉంది.

చేర్యాల నకాషీలు గీసిన పటాలు ఇవాళ పట్నంలో గోడలకు అలంకారం. బడిలోకి వస్తే అవి ఆధారం అయితయి. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే. బడిలో ఒక పూట ఆట ఆడించి, పిల్లలతో ఆ కళాకారుల్ని మాట్లాడించి, ఏ ఊళ్ళు తిరుగుతరో పటం మీద గుర్తు పెట్టిస్తే అది ఇంకా మంచిది. ఆ దారులే ఒక ప్రాంతీయ చరిత్ర.

అయితే కులపురాణాన్ని జరిగిన చరిత్రగా చెప్పమనడం లేదు. పెద్ద కులాల పురాణాన్ని తీసేసి మన పురాణం పెట్టడం కాదు పని. ఈ కథ ఎవరు, ఎవరి ముందర, ఎందుకు చెప్పుకున్నరు అని అడగడం నేర్పాలె. అదే ప్రశ్న రాజుల ప్రశస్తిని కూడా అడగాలె. సూర్యవంశం నుంచి దిగివచ్చినమని శాసనం చెక్కించుకున్న రాజు మాట చరిత్ర అయితే, జాంబవుని మాట ఒట్టి కథ ఎట్లా అయింది? ఇంకో చేదు నిజం. పటం విప్పే డక్కలిని మాదిగవాడ కూడా గడప బయటే నిలబెట్టింది. ఆ ప్రశ్న మన దిక్కూ తిరుగుతది. తిరగనీయాలె.

కాగితం ఉన్నచోట

కాగితమే కావాలన్నవాళ్ళకు ఒంగోలు దిక్కు చూపిస్తాను. 1876-78 కరువు కాలంలో అక్కడ బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నరు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడు మైళ్ళకు పైగా కాలువ పనిని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని పెట్టిండు. వాళ్ళల్లో మాదిగలు ఎక్కువ. కరువు నడిచినన్ని నాళ్ళూ కూటి కోసం వచ్చారన్న మాట పడకుండా బాప్తిస్మాలు ఆపిండు. 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1866లో, తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య ఆ దారి తొక్కిండు. ఊరూరూ తిరిగి తన మనుషులకు చెప్పింది ఆయనే. ఆ మిషనరీ భార్య మాదిగల జీవితాల మీద రాసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ 1899లో అచ్చయింది.

ఒంగోలు చుట్టూ ఉన్న బడి పిల్లలు ఆ కాలువ దాకా నడిచిపోవచ్చు. కరువు, కాలువ, కూలి, మతం మారడం అన్నీ ఒకే గట్టు మీద కనిపిస్తయి. గుడి యాత్రకు బస్సు పెట్టే బడి ఈ కాలువకు ఎందుకు తీసుకుపోదు? మతం మాట వస్తదని భయం. కడుపు కోసం మారిండ్రని ఒక్క మాటతో కొట్టిపారేయడం అలవాటయింది. పిల్లల్నే అడగండి. ఒక మనిషి వేల ఏండ్ల దేవుణ్ణి ఎందుకు వదిలిపెడతడు? తిండి కోసమా, మర్యాద కోసమా, రెండింటి కోసమా? పేరయ్య తోళ్ళ వ్యాపారంలో ఎన్ని ఊళ్ళు చూసి ఉంటడో ఆలోచించమనండి. జవాబులు పిల్లలే వెతుక్కుంటరు.

పేర్ల కథ కూడా అట్లాంటిదే. 1917లో బెజవాడలో జరిగిన పంచమ సభకు అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. అసలు పేరు మాదరి భాగయ్య. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చి చెప్పింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యంలో ‘ఆది హిందూ’ అన్న పేరు ఎక్కింది. తనకు తాను పేరు పెట్టుకోవడానికి ఒక జాతి ఎంత కొట్లాడిందో ఈ మూడు తేదీల్లో చెప్పొచ్చు. ఇవి బట్టీ పట్టించినా నాకు అభ్యంతరం లేదు.

జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసిండు. తంజావూరి అరుంధతీ సుతుడు కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలంతో కబురు పంపుతడు. గబ్బిలం దారి పొడుగునా తెలుగు నేల చరిత్ర స్థలాలు వస్తయి. గుళ్ళోకి పోలేని మనిషి, పోగలిగిన గబ్బిలానికి ఈ నేల వైభవమంతా చూపించుకుంటూ పోతడు. ఈ నేల నాదని అంటనే, నన్ను బయట పెట్టింది ఎవరని అడుగుతడు. పిల్లల చేత ఆ దారిని పటం మీద గీయిస్తే చాలు. రామప్పను మన పిల్లలు వదులుకోనక్కర లేదు. మా చెమట ఉంది కాబట్టి మాది అనే హక్కుతో చూడాలె.

దూరపు చెరువు, దగ్గరి చెరువు

1927 మార్చి 20న మహాద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగిన సంగతి పిల్లలకు ఇవాళ ధైర్యంగానే చెప్తున్నం. అది మహారాష్ట్ర, వందేండ్ల కిందటి మాట. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985లో గొడవ మొదలైంది కూడా చెరువు కాడనే. మాదిగలు తాగే నీళ్ళు ఖరాబు చేయొద్దన్నందుకు జూలై 17న వాడ మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ నెత్తురు కూడా ఉంది. నేను చూసిన తరగతి గదుల్లో మహాద్ పాఠం అయింది, కారంచేడు కాలేదు. దూరపు చెరువు చరిత్ర, దగ్గరి చెరువు ‘గొడవ’. ప్రాంతీయ చరిత్ర కావాలన్నవాళ్ళే ఈ దగ్గరితనం కాడికి వచ్చేసరికి వెనక్కి జరుగుతరు.

పన్నెండేళ్ళ పిల్లలకు హత్యలు చెప్పొచ్చునా అంటరు. యుద్ధాల్లో తెగిన తలలు చెప్తున్నం కదా! అయినా ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయను. గాయం చూపించి పిల్లను భయపెట్టడం బోధన కాదు. నీళ్ళ కాడ మొదలుపెట్టి, వద్దని చెప్పిన ధైర్యం చెప్పి, తర్వాత జనం ఎట్లా నిలబడ్డరో చెప్పి ముగించాలె. చావుల కాడ పాఠం ఆపొద్దు.

అసలు జాగ్రత్త ఇంకోటి ఉంది. మన చరిత్ర చెప్పే పేరుతో మన పిల్లను తరగతి ముందు నిలబెట్టి ‘నీ అనుభవం చెప్పు’ అనొద్దు. అది వంశవృక్షం కన్నా ఘోరం. ప్రశ్న అందరికీ ఒకటే ఇవ్వాలె. ‘మీ నాయనమ్మ చిన్నప్పుడు నీళ్ళు ఏ బావి నుంచి తెచ్చేవాళ్ళు? ఆ బావికి ఎవరు రాకపోయేది? ఎందుకు?’ ఈ ప్రశ్న వాడకు పోతది, పటేలు ఇంటికీ పోతది. వాడలో జవాబు వెంటనే వస్తది. పెద్దింట్లో నాయనమ్మ కాసేపు మాట్లాడదు. ఆ మౌనాన్ని కూడా పిల్లవాడు నోటుబుక్కులో రాసుకుని రావాలె. కులం గురించి సిగ్గుపడే పని ఇన్నాళ్ళూ ఒక్క దిక్కునే చేయించినం.

ఇట్లా అడగడం ఎట్లాగో మనకు తెలియంది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ నోటి మాటలే ఆ పుస్తకం. ఓపికగా కూర్చుని, చెప్పినట్టే రాసుకుంటే చరిత్ర ఎంత మారిపోతదో అది చూపించింది. ఏడో తరగతి పిల్లకు కూడా ఆ పద్ధతి అందుతది.

చివరి మాట మన గురించి. నీరటి మీద, డక్కలి మీద, ఆది ఆంధ్ర ఉద్యమం మీద యూనివర్సిటీల్లో సిద్ధాంత గ్రంథాలు రాసినం. డిగ్రీలు వచ్చినయి. వాటిలో ఒక్క పేజీ అయినా ఏడో తరగతి పిల్ల చదువుకునేటట్టు మళ్ళీ రాసినమా? రాయలేదు. పుస్తకాల కమిటీలను తిట్టడం సులువు. ఆ ఎర్ర సిరా రాసిన సారుకు మనం ఇచ్చిన సామాను ఏముంది?

మొన్న ఆదివారం మా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మా నాయిన చేత మోట సంగతి చెప్పించిన. తొండానికి ఎన్ని కుట్లు పడతయో, ఒక తోలు ఎన్ని నెలలు వస్తదో, ఒక మోట కింద ఎంత పొలం తడుస్తదో ఆయన వేళ్ళ మీద లెక్కేసి చెప్పిండు. పిల్ల అన్నీ రాసుకుంది. వాళ్ళ తాతకు తాత పేరు ఇప్పటికీ దొరకలేదు. కాని ‘సేవ’ అని ఉన్న గీత కింద నాలుగు వాక్యాలు చాలవని ఇంకో కాగితం అడిగింది.